నిచ్చెన మీద మనిషి

స్టూడియో వెనక షెడ్డు,
జూన్ 4

అక్కా,

ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు. మిగతా సగం బావ పక్కనుంచి తప్పుగా అందిస్తాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, నింపాదిగా చదువు.

నాకో మంచి పని దొరికింది. పదహారు భాగాల టీవీ సీరియల్. కథలో ఒక లిఫ్టుల కంపెనీ ఉంది. లేని ఆ కంపెనీని ఉన్నట్టు నమ్మించడమే నా ఉద్యోగం. లోగో, బోర్డులు, లెటర్‌హెడ్లు, గేటు పాసులు, డ్రైవర్ల చొక్కా జేబు మీద కుట్టు, లిఫ్టులో బటన్ల పలక, గోడ క్యాలెండరు, అన్నీ నేనే చెయ్యాలి. పేరు పెట్టడానికే మూడు వారాలు పట్టింది. ఏ పేరనుకున్నా ఎక్కడో ఒకచోట ఆ పేరుతో నిజం కంపెనీ బయటపడుతుంది, లాయరు కొట్టేస్తాడు. పిల్లకి పేరు పెట్టడం ఇంతకంటే సులువు.

కథ ప్రకారం ఈ కంపెనీకి యాభై ఏళ్ళు. అంటే ఒక్క లోగో చాలదు. తాత కాలంలో ఒకటి, కొడుకు కాలంలో ఒకటి, మనవడి కాలంలో ఒకటి. ఏ ఏడాది కాగితం మీద ఏ లోగో ఉండాలో పట్టిక రాసి గోడకి అంటించుకున్నాను. మా ఆర్ట్ డైరెక్టర్‌వి డేగ కళ్ళు. మొన్న ఇరవై ఏళ్ళ కిందటి బిల్లు మీద పొరపాటున కొత్త లోగో వేస్తే అందరి ముందూ కడిగేసింది. కాగితాలకి పాత రంగు రావాలని టీ డికాషన్‌లో ముంచి ఆరబెడుతున్నాం. షెడ్డంతా హోటల్ వాసన.

అసలు విషయానికొస్తా. నాన్న నిచ్చెనల కంపెనీ కాగితాల పెట్టె నీ అటక మీద ఉంది కదా. అది పంపించు. మధ్యరకం కంపెనీలో కాగితాలు ఎలా ఉండేవో, స్టాంపు ఏ మూల వేసేవాళ్ళో చూడాలి. పని కాగానే భద్రంగా తిరిగి పంపిస్తాను.

నీ తమ్ముడు


ఇల్లు, వంటింటి బల్ల,
జూన్ 15

ఒరేయ్ చిన్నోడా,

పని దొరికినందుకు సంతోషం. మీ బావ కూడా సంతోషించాడు, నేనేమీ ఆయన మాట తప్పుగా అందించడం లేదు.

ఇక నా అనుమానాలు విను. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో నువ్వు ఆ పెట్టె ఊసెత్తలేదు. ఇప్పుడు ఉన్నట్టుండి దాని మీద ప్రేమ పుట్టుకొచ్చింది. లిఫ్టుల కంపెనీ అన్నావు గానీ ఆ లిఫ్టు ఏం చేస్తుందో రాయలేదు. ఎక్కి దిగడానికే అయితే పదహారు భాగాలు ఎందుకురా? అది పడుతుందా? ఎవరైనా చస్తారా? కథ రాసేవాడెవడు, వాడికి నాన్న గురించి ఎవరు చెప్పారు? చిన్నప్పట్నించీ నీ నోట్లో నువ్వు గింజ నానదు. నేను దాచుకున్న మిఠాయి సంగతి అమ్మకి చెప్పింది ఎవరో నాకింకా గుర్తే.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఇంటి కాగితాలు ఇంట్లోనే ఉండనీ. అయినా అటక మీద ఎలుకలు, నా మోకాళ్ళు ఎక్కనివ్వవు.

అక్క


స్టూడియో వెనక షెడ్డు,
జూలై 2

అక్కా,

సరే, ఒప్పుకుంటున్నాను. మూడో భాగంలో లిఫ్టు తెగి పడుతుంది. ఒకతను చనిపోతాడు. యజమాని తప్పు కప్పిపుచ్చుకుంటాడు. నువ్వు కంగారు పడతావని రాయలేదు. రాయకపోవడం వల్ల ఇంకా కంగారు పడ్డావు, అది నా తెలివి.

కానీ ఒట్టు, రాసేవాడికి మన సంగతి ఏమీ తెలియదు. ముప్ఫై కూడా నిండని కుర్రాడు. వాళ్ళ అపార్టుమెంటు లిఫ్టులో రెండు గంటలు ఇరుక్కుపోయి, ఆ కసితో రాశాడట ఈ కథ. నాన్నకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఒక్కటి అడగనా? ఎలుకలున్నాయి అన్నావు. పోయినసారి వచ్చినప్పుడు ఆ అటక నేనే సర్దాను. ఎలుక కాదు కదా, చీమ కూడా లేదు. ఆ పెట్టెలో ఏముందని నీకంత భయం?

తమ్ముడు


ఇల్లు,
జూలై 13

భయం నాకెందుకురా. మీ బావ నిచ్చెన వేసుకుని పెట్టె దించాడు. నాన్న కంపెనీ నిచ్చెనే, ఇంకా గట్టిగా ఉంది. పార్సిల్ పంపించాను.

ఏ కాగితమూ ఎవరికీ చూపించకు. ఫొటోలు తీయకు. ఏదీ డికాషన్‌లో ముంచకు.

అక్క


స్టూడియో వెనక షెడ్డు,
ఆగస్టు 1

అక్కా,

పెట్టె అందింది. నాన్న ఎంత పద్ధతి గల మనిషో చూడు, ప్రెస్సు వాళ్ళు పంపిన లెటర్‌హెడ్ నమూనా మీద కూడా తేదీ వేసి, ‘సరే, అచ్చు వేయండి’ అని సంతకం పెట్టి దాచుకున్నాడు. ఆర్ట్ డైరెక్టర్‌కి దూరం నుంచే చూపించాను, చేతికి ఇవ్వలేదు.

మూత లోపలి వైపు నీ చేతిరాతతో ఫైళ్ళ జాబితా ఉంది. పదకొండు పేర్లు. లెక్కపెడితే ఫైళ్ళు పదే వచ్చాయి. పదకొండోదాని పేరు ‘విచారణ’.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ పద్ధతి. నువ్వు మామూలుగా పంపించి ఉంటే నేను ఆ ఫైలు తెరిచేవాణ్ణే కాదు. లోగోలు చూసుకుని మూట కట్టేసేవాణ్ణి. ఇప్పుడు నాకు దాని మీద తప్ప వేరే దేని మీదా ధ్యాస లేదు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఇంట్లో నేను రాగానే మాటలు ఆగిపోయేవి. ఇప్పుడు నలభై నాలుగు. ఇంకా ఆగిపోతూనే ఉన్నాయి.

తమ్ముడు


ఇల్లు, వంటింటి బల్ల,
ఆగస్టు 14

ఒరేయ్,

అక్కని దొంగని చేశావు, బాగుంది. ఇదిగో నీ పదకొండో ఫైలు, దీంతోపాటే పంపిస్తున్నాను. విచారణ చేసినవాళ్ళే దీన్ని పేజీ పేజీ తిప్పి చూసి వదిలేశారు. నువ్వు కొత్తగా చూసేదేముంది?

నీకు తెలియదు కాబట్టి జరిగింది రాస్తున్నాను. నీకు ఎనిమిదేళ్ళున్న ఆ ఏడాది ఆగస్టు 19న ఒక లైబ్రరీలో పనిచేసే ఆయన మన మడత నిచ్చెన ఎక్కి పై అరలో పుస్తకాలు సర్దుతున్నాడు. కీలు దగ్గర బిగించే రివెట్టు మేకు విరిగింది. పడి చనిపోయాడు. ఆ లాటులో, అంటే ఆ విడత సరుకులో, రివెట్లు పలచనివి పడ్డాయి. మరి ఆ సరుకు బయటికి ఎలా వెళ్ళిందని విచారణ జరిగింది. నాన్న ఒక మెమో చూపించాడు. ‘రివెట్లు పలచగా ఉన్నాయి, ఈ లాటు పంపవద్దు’ అని తనిఖీ చూసే ఆయనకి ఆగస్టు 2నే ఇచ్చిన మెమో. ఆ తనిఖీ ఆయనే స్కేలు మామయ్య. నీకు గుర్తుండే ఉంటాడు, చొక్కా జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉండేది, నువ్వు కనిపిస్తే నీ ఎత్తు కొలిచేవాడు. మనకేమీ బంధువు కాదు, అయినా మామయ్య అనేవాళ్ళం. ఆ మెమో తనకి అందలేదన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఏడాదిన్నర జైల్లో ఉన్నాడు.

నాన్న పంపొద్దన్నాడు, ఆయన పంపాడు. ఇంతే కథ. ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఇదంతా ఎందుకని చెప్పలేదు.

అక్క


అద్దె గది, మూడో అంతస్తు,
సెప్టెంబర్ 3

అక్కకి నమస్తే.

ఫైలు జాగ్రత్తగా అందింది. నిన్ను అనుమానించినందుకు ఏమీ అనుకోకు. మీ ఇద్దరి ఆరోగ్యం ఎలా ఉంది?

చిన్న సందేహం, నా పట్టిక కోసమే. నాన్న కంపెనీ లెటర్‌హెడ్లు రెండు రకాలున్నాయి. ఒకదాని మీద గుండ్రటి గీతలో నిచ్చెన, దాని మీద ఎక్కుతున్న మనిషి. రెండోదాని మీద మనిషి లేడు, వట్టి నిచ్చెనే. ఆ మనిషిని ఎందుకు తీసేశారో, ఎప్పుడు తీసేశారో నీకేమైనా గుర్తుందా? తీరిక దొరికినప్పుడే రాయి.

నీ తమ్ముడు


ఇల్లు, వంటింటి బల్ల,
సెప్టెంబర్ 12

చిన్నోడా,

గుర్తులేకేం! ఆ ఆఫీసులో కాగితమనేది నా చేతుల మీదుగా నడిచేది. నీకు లోగోల పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడర్థమైంది, నాన్నకి కూడా ఆ బొమ్మంటే ప్రాణం. ఆ మనిషిని నాన్న స్వయంగా గీశాడు, టోపీతో సహా.

ప్రమాదం జరిగాక ఒకరోజు భోజనాల దగ్గర అన్నాడు. “ఇక ఆ మనిషిని ఉంచకూడదు. చూసినవాళ్ళందరికీ ఆ పడినవాడే గుర్తొస్తాడు.” మనిషిని తీసేసి ప్రెస్సుకి పంపాడు. నమూనా సెప్టెంబర్ చివర వచ్చింది, కట్టలు అక్టోబర్ మొదటి వారంలో దిగాయి. పాత కాగితం ఒక్కటి కూడా ఆఫీసులో ఉండకూడదన్నాడు. నేనే సగానికి కత్తిరించి, నీకు లెక్కలు చేసుకోవడానికి చిత్తు పుస్తకాలు కుట్టాను. నువ్వు మనిషి బొమ్మలన్నింటికీ మీసాలు పెట్టావు.

ఇదంతా రాస్తుంటే హాయిగానే ఉంది గానీ, నీ ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. నమస్తే ఏమిటి? ఆరోగ్యం ఎలా ఉందేమిటి? తిట్టకుండా, వెక్కిరించకుండా నువ్వు నాకు ఉత్తరం రాసిన పాపాన పోలేదు. ఏం చూశావురా ఆ ఫైల్లో?

అక్క


అద్దె గది, మూడో అంతస్తు,
అక్టోబర్ 5

అక్కా,

ఆగస్టు 2 నాటి మెమో మీద మనిషి లేడు.

నాలుగు రోజులు దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆ ప్రమాదం జరగబట్టే తీసేసిన మనిషి, ప్రమాదానికి పదిహేడు రోజుల ముందే ఎలా లేకుండా పోయాడు? నాదే పొరపాటేమో, మనిషి లేని లెటర్‌హెడ్ ముందునుంచే ఉందేమో అనుకుని నిన్ను అడిగాను. మర్యాదగా అడిగింది అందుకే. ఏదైనా వేరే జవాబు రావాలని కోరుకున్నాను. నువ్వు నెలలతో సహా రాశావు. నమూనా మీద నాన్న వేసిన తేదీ కూడా సెప్టెంబర్ 27.

విచారణ వాళ్ళు అక్షరాలు చదివారు, బొమ్మ ఎవరు చూస్తారు? నాలాంటి పనికిమాలిన ఉద్యోగం చేసేవాడు తప్ప. ఆ మెమో తర్వాత పుట్టించింది. స్కేలు మామయ్యకి అది అందలేదు, ఎందుకంటే అప్పటికి అది లేదు. ఆ ఆఫీసులో టైపు మిషను ఒక్కటే. దాని ముందు కూర్చునేది నువ్వొక్కదానివే. ఇక నేనేం అడగాలో నాకు తెలియడం లేదు.

ఇంకొకటి దాచాను. నాకు చెప్పడానికి సిగ్గుగా ఉంది. తొమ్మిదో భాగంలో యజమాని చూపించిన దొంగ మెమో బండారం ఎలా బయటపెట్టాలో తెలియక మా రచయిత వారం రోజులు బుర్ర గోక్కున్నాడు. నేను ఉండబట్టలేక, ఎవరి పేరూ ఎత్తకుండా, ‘తేదీ పాతది, లోగో కొత్తది పెట్టు’ అన్నాను. ఎగిరి గంతేశాడు. ఆ మెమో నేనే తయారుచేశాను. పోయిన వారం షూటింగ్ కూడా అయిపోయింది.

తమ్ముడు


ఇల్లు,
నవంబర్ 9

నేనే కొట్టాను.

మధ్యాహ్నం, అందరూ భోజనానికి వెళ్ళాక. నాన్న నా కుర్చీ వెనక నిలబడి చెప్పాడు. “తేదీ ఆగస్టు రెండు వెయ్యమ్మా.” వేశాను. ఎందుకని అడగలేదు. నాకు తెలియక అడగలేదని రాద్దామనుకున్నాను, అది కూడా అబద్ధమే. ఎందుకో నాకు తెలుసు. పైనున్న కాగితం తీసి మిషన్లో పెట్టాను, దాని మీద బొమ్మ ఏదో చూడలేదు. నాన్నా చూడలేదు. అంత జాగ్రత్త మనిషి, గుమ్మం వైపు చూస్తూనే సంతకం పెట్టేశాడు.

నువ్వు నన్ను ఏమన్నా పడతాను. కానీ అక్కని అడక్కుండా ఊరందరికీ చెప్పేశావే, దానికి మాత్రం నిన్ను చెంప పగలగొట్టాలని ఉంది. పేరు ఎత్తలేదట! ఎత్తితే ఎంత, ఎత్తకపోతే ఎంత?

స్కేలు మామయ్య బతికే ఉన్నాడు. ఇక్కడే, మాకు రెండు వీధుల అవతల, కూతురి దగ్గర ఉంటున్నాడు. ఎవరూ పనివ్వకపోతే ఓపిక ఉన్నన్నాళ్ళూ సైకిల్ షాపుల్లో పంక్చర్లు వేశాడు. ఇప్పుడు రోజంతా టీవీ ముందే కూర్చుంటాడట. కూరగాయలకి వెళ్ళాలంటే ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్తాను. నా మోకాళ్ళు ఇలా అయింది అటకలెక్కి కాదు.

ఆ తొమ్మిదో భాగం ఎప్పుడు వస్తుంది?

అక్క


స్టూడియో వెనక షెడ్డు,
నవంబర్ 17

అక్కా,

జనవరి 11.

ఆ మెమో ఘట్టాన్ని తీసేయమని అడుగుదామని రచయిత గదిదాకా వెళ్ళాను. తలుపు దగ్గరే నిలబడి వెనక్కి వచ్చేశాను. తీసేయించడం నాకు చేతకాలేదు. నా చదువు, నా బ్రష్షులు, అన్నీ ఆ కంపెనీ పెట్టిన తిండే. ఆయన్ని జైలుకి పంపి నిలబెట్టుకున్న కంపెనీ అది, ఇప్పుడు నిజాన్ని కూడా నన్నే తీసేయించమంటావా?

ఆయన టీవీలో చూసి తెలుసుకోకూడదు. ముందు నువ్వు చెప్పు. కొత్త ఏడాదిలోపు నువ్వు వెళ్ళకపోతే నేను వచ్చి చెప్తాను. బెదిరింపు అనుకుంటే అనుకో.

తమ్ముడు


ఇల్లు, వంటింటి బల్ల,
డిసెంబర్ 20

చిన్నోడా,

వెళ్ళాను. మీ బావని వీధి చివర నిలబెట్టి ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను.

కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి టీవీ కట్టేశాడు. కూతురు నీళ్ళు తెచ్చి పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఎలా మొదలుపెట్టాలో ఇంటి దగ్గర ఎన్నో రకాలుగా అనుకుని వెళ్ళాను, ఒక్కటీ రాలేదు. “మామయ్యా, ఆ మెమో నేనే కొట్టాను, ప్రమాదం తర్వాత కొట్టాను” అనేశాను. నాకు సరిగా వినపడదని ఆయనకి తెలిసినట్టుంది, నా చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాడు.

“తెలుసమ్మా. విచారణలో కాగితం నా చేతికిచ్చినప్పుడే చూశా. దాని మీద మనిషి లేడు.”

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అన్నాను.

“చెప్తే ఏమడుగుతారు? ఇది కొట్టిందెవరు అంటారు. మీ నాన్న నిన్ను చూపించేవాడు. నాకేం తెలీదండీ, మా అమ్మాయి ఏదో చేసింది అనేవాడు. ఇరవయ్యేళ్ళ పిల్లవి, బోనులో నువ్వు నిలబడేదానివి.”

“నాన్న అలా చెయ్యడు” అన్నాను. అలవాటైపోయిన మాట, దానంతటదే వచ్చేసింది. ఆయన వాదించలేదు. నాకే అర్థమైంది, చేసేవాడే. తన కూతురి చేత ఆ తేదీ వేయించిన మనిషి అది కూడా చేసేవాడే. ముప్ఫై ఆరేళ్ళు నాన్నని నేను కాపాడుతున్నాననుకున్నాను. ఆ ముప్ఫై ఆరేళ్ళూ నన్ను కాపాడుతూ వచ్చింది ఎవరో చూడరా.

దేవుడిలాంటి మనిషి అని రాసేస్తావేమో మీ రచయితకి, వద్దు. ఆయనకి కోపం ఉంది. “కోపం లేదనుకున్నావా? బయటికొచ్చిన మొదటి ఏడాది నువ్వొస్తావని చూశా. రెండో ఏడాదీ చూశా. పోనీలే, పెళ్ళయి వెళ్ళిపోయావనుకున్నా. తీరా చూస్తే రెండు వీధుల అవతలే ఉన్నావు. ఈ కిటికీలోంచి కనబడతావు, సంచి పట్టుకుని ఆ మలుపు దాకా వచ్చి అటు తిరిగిపోతావు. ఎన్నిసార్లు పిలుద్దామనుకున్నానో” అన్నాడు. నేను ఏడ్చాను. “ఏడుపు ఇంటికెళ్ళి ఏడు. టైపు మర్చిపోయావా?” అన్నాడు.

మర్చిపోలేదన్నాను. జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద కొట్టివ్వమన్నాడు. చేత్తో రాస్తానంటే ఒప్పుకోలేదు. జెరాక్స్ షాపుకి వెళ్ళాను. అక్కడి అమ్మాయి తాను కొడతానంది, నేనే కూర్చున్నాను. వేళ్ళు అక్షరాలు మర్చిపోలేదుగానీ, ‘నేను’ అన్నచోట ఆగిపోయాయి. అది కొట్టడానికి చాలాసేపు పట్టింది. పట్టుకెళ్ళి ఇస్తే భూతద్దం పెట్టి చదివాడు. “రివెట్టు మందం మూడు మిల్లీమీటర్లు అని కొట్టావు, తప్పు. రెండున్నర” అన్నాడు. మళ్ళీ షాపుకి. నేను వీధి ఈ చివర నుంచి ఆ చివరకి తిరగడం చూస్తూ మీ బావ తల పట్టుకున్నాడు.

“తేదీ ఏం వెయ్యను?” అని అడిగాను. అడిగాక గానీ ఏం అడిగానో నాకు తెలియలేదు.

“ఇవాళ్టిది” అన్నాడు.

ఆ ఫైలు, నమూనా కాగితం, రెండూ వెంటనే పంపించు. విచారణ జరిపిన ఆఫీసు ఇప్పుడు వేరే మేడలో ఉందట. అవి అందిన మర్నాడే ఆయన్నీ తీసుకుని వెళ్తాను. వాళ్ళేం చేస్తారో నాకు తెలియదు, నన్ను ఏం చేసినా సరే. కింద సంతకం పెట్టేటప్పుడు అత్తవారి ఇంటిపేరు రాయలేదు. నాన్న ఇంటిపేరే రాశాను. ఆ మెమో కొట్టినప్పుడు నా పేరు అదే.

అక్క